వలందపాలెం

బందరులో వలందపాలెమని ఒక పేట ఉన్నది. హాలెండు అన్న దేశనామమే మన నాలుకపై వలందా అయినది. వ్యుత్పత్తి ఇంతే, దాని వెనుకనున్న కథ పెద్దది.

1602లో ఆమ్‌స్టర్‌డాము మొదలైన ఆరు పట్టణాల వర్తకులు ఏకమై డచ్చి ఈస్టిండియా కంపెనీని స్థాపించారు. దాని వాటాలు ఎవరైనా కొనవచ్చును. కంపెనీ పెద్ద ఒకరి ఇంట పనిచేసే నీల్ట్‌ఖెన్ కొర్నెలిస్ అనే పనికత్తె 100 గిల్డర్లు పెట్టినది. ఆమె పేరు నేటికీ వాటాల పుస్తకంలో ఉన్నది.

1605లో ఆ కంపెనీ మచిలీపట్నం చేరినది. "డచ్చివారు సుగంధద్రవ్యాల కొరకు వచ్చిరి" అని మా పాఠ్యపుస్తకాలలో ఒక వాక్యముండేది. జాజికాయ పండని మన తీరానికి వారికేమి పని? అది పండే మొలక్కా దీవులలో మన నూలుబట్టలకు గిరాకీ మెండు. బట్ట ఇచ్చి దినుసు పుచ్చుకొనేవారు. కోరమాండల్ తీరం ఆ దీవులకు ఎడమచేయి వంటిదని 1612లో హెండ్రిక్ బ్రౌవర్ అనే కంపెనీ అధికారి వ్రాశాడు.

ఆ వర్తకం అక్కడితో ఆగలేదు. 1621లో గవర్నర్ జనరల్ కూన్ జాజికాయల బాందా దీవులపై దండెత్తాడు. సుమారు 15,000 మందిలో వేయిమంది మిగిలారని అంచనా. ఆ తోటలలో చాకిరీకి బానిసలను దింపారు. కరవు కాలాలలో కోరమాండల్ తీరం నుండి కూడా వేలమందిని బానిసలుగా కొని, కంపెనీ ఓడలలో తూర్పుదీవులకు తరలించారు.

1799 చివర కంపెనీ అంతరించినది. పనికత్తె పేరు నిలిచినది. ఆ బట్ట నేసిన సాలెవారి పేర్లు, ఓడలెక్కినవారి పేర్లు ఏ పాఠంలోనూ నాకు కనబడలేదు.

"సుగంధద్రవ్యాల కొరకు" అన్న జవాబుకు నేడైతే సగం మార్కులే వేస్తాను.