దులిపిన పోని బూజు

తెలుగునాట బూజు అను మాటకు రెండర్థములు కలవు. ఇంటికప్పు మూలలందు సాలీడు అల్లిన గూడును, దానిపై పేరుకొనిన మసియు ఒక బూజు. ఊరగాయపైనను, తడిసిన గోడపైనను, వానకాలమున మూలపడిన తోలుచెప్పులపైనను తెల్లగనో, పచ్చగనో, నల్లగనో పుట్టు నూగు రెండవ బూజు. మొదటిది పొడుగుకఱ్ఱకు కట్టిన చీపురుతో దులిపిన పోవును. రెండవదానిని కూడ అట్లే దులుపబోవువారు, తెలియక దానిని ఇల్లంతట విత్తుచున్నారు. పేరు ఒకటియే యైనంత మాత్రమున చికిత్సయు ఒకటియే యనుకొనుట పొరపాటు.

ఈ రెండవ బూజు ప్రాణముగలది. శాస్త్రజ్ఞులు దీనిని శిలీంధ్రములలో చేర్చిరి. దీనికి పత్రహరితము లేదు. కావున తన యాహారమును తాను తయారుచేసికొనజాలక కాగితము, కొయ్య, నూలుబట్ట, గోడపై పేరుకొనిన మురికి మొదలగువానిని కరగించి పీల్చుకొనును. కంటికి కనబడని దీని సిద్ధబీజములు గాలిలో ఎల్లప్పుడును తేలుచునే యుండును. అవి లేని యిల్లు ఉండదు. కాని పొడిచోట పడిన బీజము మొలవదు. తడి దొరకెనా, ఒకటి రెండు దినములలోనే మొలకెత్తి, సన్నని దారములను ఆ పదార్థములోనికి చొప్పించి, పైన మరల లెక్కలేనన్ని బీజములను పుట్టించును. పొడిచీపురు తగిలినంతనే లేచిపోవునవి ఆ బీజములే.

ఈ సత్యము తెలుగువారి వంటయింటికి క్రొత్తది కాదు. ఆవకాయ పెట్టు దినమున బామ్మ ఎంత జాగ్రత్తగా నుండునో చూడుడు. మామిడికాయలను కడిగి, గుడ్డతో తుడిచి, తడి ఆరిన పిమ్మటనే ముక్కలు కొట్టించును. జాడీని ఎండలో నుంచును. ముక్కలు మునుగునట్లు నూనె పోసి, మూతికి వాసెన కట్టును. తడిచేతితో జాడీ ముట్టబోయిన మనుమని కసరును. బూజు పట్టిన తరువాత మందు వెదకుట ఆమె పద్ధతి కాదు. తడిని చేరనీయకుండుటయే ఆమె యెఱిగిన వైద్యము.

ఆశ్చర్యమేమనగా, జాడీయెడల ఇంత జాగరూకత గల యింటనే గోడయెడల అది కానరాదు. కప్పునుండి కారు నీరు, పగిలిన గొట్టము, గాలి చొరని స్నానపుగది, మూసిన గదిలో ఆరవేసిన బట్టలు, ఇవన్నియు గోడకు తడిని చేర్చుచుండును. ఇక వరదమాట చెప్పనేల? 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడయందలి సింగునగరము మొదలగు ప్రాంతములను ముంచివేసెను. అట్టి వరద తీసిన యింట నీరు పోయినను తడి పోదు. ఇటుకలు నీరు త్రాగి యుండును. దూదిపరుపులు లోలోపల నానియే యుండును. బురద కడిగినవెంటనే గోడకు రంగు పూసి, ఇల్లు బాగుపడినదని తృప్తిపడుట కంటికి ఇంపుగా నుండవచ్చును. కాని ఆ రంగు క్రింద తడి యట్లే నిలుచును.

అట్లు దాచిన తడి ఎంతటి కీడు చేయగలదో ఇంగ్లండు దేశమునందలి రోచ్‌డేల్ పట్టణమున జరిగిన విషాదము తెలుపుచున్నది. అచ్చట ఒక అద్దెయింట బూజు పట్టినదని 2017లో ఒక గృహస్థు ఇంటి యాజమాన్యమునకు తెలుపగా, దానిపై రంగు పూయుమని సలహా లభించెను. బూజు మరల మరల పుట్టెను. 2020 డిసెంబరులో ఆ గృహస్థుని కుమారుడు, రెండేండ్ల అవాబ్ ఇషాక్, తీవ్రమైన శ్వాసవ్యాధితో మరణించెను. బూజుగల యింట చిరకాలము వసించుటయే ఆ వ్యాధికి కారణమని 2022లో మరణవిచారణ తేల్చెను. ఆ బాలుని పేర వెలసిన చట్టము 2025 అక్టోబరులో అమలులోనికి వచ్చెను. సామాజిక గృహముల యాజమాన్యములు తడిని, బూజును నిర్ణీతమైన గడువులలో పరిశీలించి సరిచేయవలెనని అది విధించెను. బూజు పట్టిన ప్రతియింట ఇట్టి యాపద కలుగునని కాదు. కాని తడియిండ్లలో ఉబ్బసము, దగ్గు మొదలగు బాధలు హెచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లోనే హెచ్చరించెను.

మరి బూజు పట్టిన గోడను ఏమి చేయవలెను? మొదట నీరు ఎచ్చటనుండి వచ్చుచున్నదో కనుగొని దానిని ఆపవలెను. పిమ్మట ముక్కునకు, నోటికి కప్పు, చేతులకు రబ్బరు తొడుగులు ధరించి, కిటికీలు తెఱచి, బూజును సబ్బునీటితో తడిపి రుద్దవలెను. తడిపినచో బీజములు ఎగురవు. తుడిచిన గుడ్డను సంచిలో కట్టి పారవేసి, గోడను పూర్తిగా ఆరనీయవలెను. లోపలివరకు బూజు పట్టిన పరుపులను, అట్టపెట్టెలను దాచుకొనరాదు. ఉబ్బసముగలవారును, పిల్లలును ఈ పనికి దూరముగా నుండవలెను. పది చదరపు అడుగులకు మించి బూజు వ్యాపించినచో పని తెలిసినవారిని పిలుచుట మేలు.

కొందరు తొందరపడి బ్లీచింగు పొడిని, మరుగుదొడ్లు కడుగు యాసిడును కలిపి గోడకు కొట్టుదురు. ఒకటి మంచిదైన రెండు మరింత మంచివని వారి తలంపు. కాని ఆ రెండును కలిసినచో క్లోరిన్ వాయువు పుట్టును. 1915 ఏప్రిలులో బెల్జియము దేశపు ఈప్ర్ పట్టణముకడ యుద్ధభూమిలో సైనికులపై వదలిన విషవాయువు అదియే. మూసిన స్నానపుగదిలో నిలుచుండి దానిని తనంత తాను పుట్టించుకొనుట ఎంత అవివేకము! బ్లీచింగు పొడిని అమ్మోనియాతో కలుపుటయు ఇట్లే ప్రమాదకరము.

పొలమునకు తెచ్చిన శిలీంధ్రనాశకము మిగిలినదని గోడపై చల్లుటయు తగదు. మనదేశమున 1968లో చేసిన కీటకనాశకముల చట్టము శిలీంధ్రనాశకములను కూడ తన పరిధిలోనికి తెచ్చెను. డబ్బాపై నంటించిన చీటీ కేవలము అలంకారము కాదు. ఆ మందును ఎచ్చట, ఎంత, ఎట్లు వాడవలెనో అది చెప్పును. పైరుకు వాడవలసిన మందును పిల్లలు నిద్రించు గదిలో చల్లినచో బూజుకంటె ముందు మనుష్యులే బాధపడుదురు.

సంక్రాంతికి ముందు గోడలకు సున్నము వేయు ఆచారమున కూడ మేలు కలదు. సున్నమునకు గల క్షారగుణము బూజును మొలవనీయదు. గోడలోని చెమ్మ వెలుపలికి పోవుటకును అది అడ్డుపడదు. అయినను శుభ్రపఱచి ఆరిన గోడకే సున్నము వేయవలెను. అది కంట పడకుండ జాగ్రత్త వహింపవలెను.

ఇన్ని చెప్పినను, మూలసూత్రము జాడీకడ కూర్చున్న బామ్మ మాటలోనే యున్నది. తడిని చేరనీయకుము; చేరిన తడిని నిలువనీయకుము. ఊరగాయ చెడిన ఒక యేటి రుచి పోవును. ఊపిరి చెడిన పోవునది అంతకంటె విలువైనది. జాడీపై నున్న శ్రద్ధలో సగమైనను గోడపై నిలిపిన యింట, బూజు తనంత తానే దారి తప్పును.