ఆశా? నిరీక్షణా?



ధ్యాన భాగము: యోబు 14:7-14, రోమా 8:24-25

ఇంగ్లీషులో ‘హోప్’ అని ఒక చిన్న మాట ఉంది. వాన పడితే బాగుణ్ణు అనడానికీ అదే మాట, పునరుత్థానం గురించి చెప్పడానికీ అదే మాట. బయట ఊళ్లో చదువుకుంటున్న మన సంఘం బిడ్డ ఒకడు రెండు బైబిళ్లూ పక్కపక్కన పెట్టుకుని చదివి నాకు ఫోన్ చేశాడు. “అయ్యగారూ, అందులో ఒకటే మాట ఉంది. మన దాంట్లో చోటుకో మాట ఉందేటి?” అన్నాడు. ఊరికే అడగలేదు. వాళ్ల నాన్న డయాలసిస్ కోసం వారం వారం పలాస వెళ్తున్నారు. రిపోర్టు ఇంగ్లీషులో చదివేది వాడే, ఇంట్లో తెలుగులో చెప్పేదీ వాడే. అమ్మకి ఏ మాట చెప్పాలన్నదే వాడి అసలు ప్రశ్న.

వాడు చూసింది నిజమే. ఇంగ్లీషులో ‘హోప్’ అని ఉన్నచోట మన బైబిల్లో యోబు 14:7లో నమ్మకము, సామెతలు 13:12లో కోరిక, యెహెజ్కేలు 37:11లో ఆశ, రోమా 8:24లో నిరీక్షణ అని ఉంది.

ఇది మన తర్జుమాలో లోపం కాదు, దాని వెనుక ఉన్న ప్రయాస. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి సహాయంతో సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. 1812లో మూడు సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరు మిషనరీలూ ప్రభువునందు నిద్రించారు. అచ్చు పుస్తకం వాళ్లు కళ్లతో చూడలేదు. వారి తరువాత ఎన్నో చేతులు ఆ పని చేస్తే ఈ పుస్తకం మన ఒడిలోకి వచ్చింది.

ఇప్పుడు ఆ మాటలు తూచి చూద్దాం. కోరిక మన లోపల పుడుతుంది. ఆశ కూడా అంతే. కాస్త అదుపు తప్పితే దురాశ అవుతుంది. నిరీక్షణలో ‘ఈక్షణ’ అంటే చూపు. ఒకరు వస్తానన్నారు గనుక వచ్చే దారివైపు కళ్లు పెట్టుకుని ఉండడమే నిరీక్షణ. దానికి ఆధారం మన మనసు కాదు, మాట ఇచ్చినవాడు. హెబ్రీ భాషలో ఈ భావానికి ‘తిక్వా’ అనే మాట ఉంది. రాహాబు కిటికీకి కట్టిన ఎర్రని దారానికి కూడా యెహోషువ 2లో అదే మాట వాడారు. దారం పట్టుకున్నవాళ్ల బలం దారంలో లేదు, అవతలి కొస ఎక్కడ ముడిపడి ఉందన్నదే ముఖ్యం.

యోబు మాట మన ఉద్దానం వాళ్లకి ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తరువాత తోటల్లో ఏం చూశాం? విరిగిన జీడి మొద్దులు కొన్ని మళ్లీ చిగురు వేశాయి. మొవ్వు విరిగిన కొబ్బరి మాత్రం చిగురించలేదు. నరికిన చెట్టుకైనా నమ్మకం ఉంది గాని చనిపోయిన మనిషి సంగతేమిటని యోబు అడిగింది ఈ తేడా గురించే. మనిషి జీడి మొద్దు కాడు, కొబ్బరి లాంటివాడు. పాత మానులోంచి చిగురు రాదు, కొత్త మొక్క నాటాలి. నాటు రకం కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుందని తెలిసీ, అరవై దాటిన పెద్దలు గోతులు తీసి నాటారు, బిందెలతో నీళ్లు మోశారు. నిరీక్షణ అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదని వాళ్లు మనకి చూపించారు. 1 కొరింథీ 15లో పౌలు పునరుత్థానాన్ని విత్తనంతో పోల్చింది కూడా ఇందుకే.

ఆ బిడ్డకి నేను చెప్పింది ఇది: “ఆశ పడడం తప్పు కాదు నాన్నా. క్రియాటినిన్ తగ్గాలని అడుగు, రోజూ అడుగు. డయాలసిస్ రోజు తప్పనీయకు. అమ్మ దగ్గర రిపోర్టు దాచకు. నాన్నకి తప్పకుండా నయమైపోతుందని దేవుడు చెప్పాడని మాత్రం అనకు. ఆయన అనని మాట ఆయన నోట పెట్టకూడదు. ఏమి జరిగినా నాన్న ఆయన చేతిలోంచి జారిపోరని చెప్పు. అది ఆయన అన్న మాటే, యోహాను 10:28 చదివి వినిపించు.”

ప్రియులారా, ప్రార్థన అయిపోయింది, ఇక సూదులు వద్దు, ఆసుపత్రి వద్దు అనేవారి మాట మన ప్రాంతంలో అక్కడక్కడా వినబడుతోంది. అది విశ్వాసం కాదు, దేవుని పేరు పెట్టిన ఆశ. అది విఫలమైన రోజున ఆ ఇంటివారు దేవుని మీదే కోపం తెచ్చుకుంటారు. నిరీక్షణ ఉన్నవారు కూడా ఏడుస్తారు. 1 థెస్సలొనీక 4:13 ఏడవవద్దనలేదు, నిరీక్షణ లేనివారిలాగా ఏడవవద్దన్నది. ఈ వారం మీ వీధిలో జబ్బుపడినవారి ఇంటికి వెళ్లినప్పుడు ఏ మాట పట్టుకెళ్తున్నామో ఒక్కసారి ఆలోచించుకుందాం.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా ఆశలు నీకు తెలుసు. వాటిని నీ పాదాల దగ్గర పెడుతున్నాము. మంచం మీద ఉన్నవారికి, వారిని చూసుకుంటున్నవారికి నీ వాగ్దానం మీద నిలిచే నిరీక్షణ దయచేయుము. నిజం చెప్పే నోరు, పక్కన కూర్చునే ఓపిక మాకు అనుగ్రహించుమని యేసు నామమున వేడుకుంటున్నాము తండ్రీ, ఆమేన్.