బొమ్మసిగ్నలు నేర్పిన పాఠము

మా పాఠశాలలో నొక పాత బొమ్మరైలు కలదు. ఇంగ్లండులోని లివర్‌పూలు నగరమున ఫ్రాంకు హార్న్‌బీ యనునాతడు 1920వ సంవత్సరమున అమ్మనారంభించిన రేకురైళ్ల తరగతికి చెందినది. పట్టాల నడుమ వెడల్పు 32 మిల్లీమీటర్లు. దానితో వచ్చిన స్టేషనును, గేటును, సిగ్నలు స్తంభమును బాగుచేయుచుండుట నాకు ప్రియమైన పని.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల మీదుగా బండ్లు మీటరుగేజి పట్టాలపై నడచిన దినములలో మన దేశమంతట వాడుకలోనుండిన రెక్కసిగ్నళ్లను ఈ బొమ్మ పోలియుండును. రెక్క అడ్డముగా నిలిచిన బండి ఆగవలెను. క్రిందికి వ్రాలిన పోవచ్చును. తీగ తెగినను, కట్టిన బరువుచేత రెక్క తనంతట అడ్డముగా నిలుచును. తాను చెడినప్పుడును "ఆగుము" అని చెప్పుటయే దాని ధర్మము.

ఒక డిసెంబరు మాసమున, పాఠశాల వార్షికోత్సవమునకు ముందునాడు, ఆ బొమ్మసిగ్నలు ఇరుసునకు కొబ్బరినూనె పోసితిని. మరునాటి యుదయమున మీటను విడిచినను వ్రాలిన రెక్క లేవలేదు. ముందునాటి సాయంకాలము దానిని తుడిచి లోపలపెట్టినవాడు ధర్మవరపు నేతకాని కుమారుడు. మా వసతిగృహమున నుండి చదువుకొనుచుండెను. "నీవే విరిచితివి" అని తరగతియెదుట వానిని గద్దించితిని. వాడు తల వంచుకొని "లేదయ్యా" అని మాత్రము పలికెను.

మధ్యాహ్నమున వరండాలోనికి ఎండ వచ్చెను. అచ్చటనుంచిన సిగ్నలు రెక్క, ఎవరును తాకకయే, మెల్లగా లేచి అడ్డముగా నిలిచెను. నాకు సిగ్గు కలిగెను. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకు లోబడిన చలిలో పేరుకొనును. హిందూపురపు డిసెంబరు ఉదయములు అంతకంటె చల్లనివి. తప్పు బాలునిది కాదు, నాది.

ఆ సాయంకాలమే, అదే తరగతియెదుట, వానిని క్షమింపుమని వేడుకొంటిని. పిమ్మట మేమిరువురమును కూర్చుండి, కిరసనాయిలులో తడిపిన గుడ్డపీలికతో ఇరుసునందలి నూనెను, దుమ్మును తుడిచితిమి; రంగునకు మాత్రము తగులనీయలేదు. వంగిన తీగను వ్రేళ్లతో సరిచేసి, సూదిమొనతో కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసితిమి. "మాయింట మగ్గమునకైనను తుడవక నూనె వేయరయ్యా" అని వాడు నవ్వెను.

బాలబాలికలారా, పాతబొమ్మ కదలక నిలిచినచో బలము చూపకుడు. మొదట తుడిచి చూడుడు, పిదపనే నూనె. ఇక నేనో, ఏ విద్యార్థిపైనను తప్పు మోపబోవునప్పుడెల్ల ఆ రెక్కను తలచుకొని ఒక్క క్షణమాగుచున్నాను.