పొద్దున కొండవైపు, సాయంత్రం సముద్రంవైపు

విశాఖ నుంచి భీమిలికి బీచ్ రోడ్డు మీద పిట్టలు చూడ్డానికి బయల్దేరినవాళ్లు తెల్లారగానే దుర్భిణిని సముద్రంవైపు తిప్పుతారు. పొద్దు పొడిచేది ఆ సముద్రంలోంచేనాయె! ఎదురెండలో ఏ పిట్టయినా నల్లటి మచ్చలాగే కనిపిస్తుంది. కళ్లు జిగేలుమనడం తప్ప లాభం లేదు. అదే ఎండ వీపు మీదుగా కొండల మీద పడుతున్నప్పుడు, కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చుంటే దాని రొమ్ము మీది చారలు కూడా తెలుస్తాయి. మధ్యాహ్నం తిరిగాక ఇదంతా తారుమారు. పొద్దు కొండలవైపు వాలుతుంది, సముద్రం మీద వెలుగు సూటిగా పడుతుంది. అందుకే వెళ్లేటప్పుడు కొండలు, వచ్చేటప్పుడు సముద్రం అని పెట్టుకున్నాను. తమాషా ఏమంటే రెండూ ఎడమచేతివైపే. మన కార్లకు స్టీరింగు కుడివైపు కాబట్టి దర్జాగా చూసే భాగ్యం పక్కసీటు వారిదే. పిట్టల పిచ్చి ఉన్న మనిషికి స్టీరింగు ఇవ్వకండి, ఇద్దరి క్షేమం కోరి చెబుతున్నాను.

మొత్తం దూరం 30 కిలోమీటర్లు ఉంటుందేమో. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం.

మొదటి మజిలీ మాత్రం ఫిషింగ్ హార్బరు. ఇక్కడ తల పైకెత్తి చూడాలి గనక ఎండ గొడవ అంతగా లేదు. వేట నుంచి వచ్చిన బోట్ల దగ్గర వేలంపాటలు, ఐసు గడ్డల చప్పుడు, నీచు వాసన. పైన గద్దలూ గరుడపక్షులూ కలిసే తిరుగుతుంటాయి. పెద్ద గరుడకి తలా రొమ్మూ తెలుపు, మిగతా ఒళ్లంతా ఇటుకరంగు, పోల్చుకోవడం సులువే. పిల్ల గరుడలే గోధుమరంగులో ఉండి తికమక పెడతాయి. అప్పుడు తోక చూడాలి. గద్ద తోక చివర చీలి ఉంటుంది, గరుడ తోక గుండ్రంగా ఉంటుంది. నీళ్ల మీద తేలే చేపముక్కను గరుడ కాలితో అందుకుని, దిగకుండానే ఆ కాలు ముందుకు చాచి, మెడ వంచి గాలిలోనే తినేస్తుంది.

చలికాలంలో సముద్రపు కాకులూ ఇటు వస్తాయి. వీటిలో బ్రౌన్ హెడెడ్ గల్ ఒకటి. టిబెట్, లడఖ్ ఎత్తుల్లోని సరస్సుల దగ్గర పిల్లల్ని లేపి, చలికి దిగి వచ్చే పక్షి ఇది. పుస్తకంలో బొమ్మ చూసుకుని గోధుమరంగు తల కోసం వెతికితే దొరకదు. మన దగ్గర ఉన్నన్నాళ్లూ దాని తల తెల్లగానే ఉంటుంది. కంటి వెనక కాటుక చేత్తో తుడిచినట్టు చిన్న మచ్చ, అంతే. ఎండలు ముదిరే వేళకి తలకు రంగెక్కుతుంది, రంగెక్కినవి ఒక్కొక్కటే ఉత్తరానికి వెళ్లిపోతాయి. నేను ఆ మచ్చ కోసం కళ్లు చికిలిస్తుంటే వలలు బాగుచేసుకుంటున్న ఒకాయన, "ఏటి బాబూ, ఆ కాకుల్ని అలగ సూత్తన్నారు?" అనడిగాడు. చెప్పాను. "మేమూ సూత్తాం. అవి గుంపుగా ఎక్కడ దూకితే అక్కడ సేపుంటాది," అన్నాడు. నా చూపు కంటే ఆయన చూపుకే విలువ ఎక్కువ, దాని మీద ఇల్లు గడుస్తుంది.

రుషికొండ దగ్గర నేను ఆగను. జనం, బోట్లు, మైకులు. నేరుగా తొట్లకొండకు పోతాను. 1976లో నౌకాదళం వాళ్లు సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధారామం ఇది. కారు దిగి నడవాల్సిన చోటు కూడా ఇదే. పొదల్లోంచి కౌజుపిట్టల అరుపు, చెట్ల చిటారున పసిరిక పిట్టలు, ఎండుగడ్డిలో నెమళ్లు. ఈ తీరానికి వెనక ఉన్న తూర్పు కనుమల పిట్టల కోసం జీవితమంతా తిరిగిన విశాఖ మనిషి కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గురించి ఊళ్లోనే చాలామందికి తెలియదు. ఈ కనుమల్లో దొరికిన అబ్బాట్స్ బాబ్లర్ ఉపజాతికి 1985లో పక్షిశాస్త్రవేత్తలు రిప్లీ, బీలర్ ఆయన పేరే పెట్టారు. ఇన్ని విగ్రహాలున్న బీచ్ రోడ్డులో ఆయన పేరున ఒక్క బోర్డయినా ఉంటే బాగుండేది.

ఎర్రమట్టి దిబ్బలు ఫొటోలకు అందం. పిట్టల కోసమైతే చుట్టూ ఉన్న జీడితోటల్ని ఓసారి పరికించి కదలండి. దిబ్బల అంచు మీద మాత్రం నడవకండి, విరిగిపోతుంది.

భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలిసేచోట ఎంతసేపైనా ఉండొచ్చు. అనంతగిరిలో పుట్టి బొర్రా గుహల మీదుగా వచ్చే ఏరు ఇక్కడికొచ్చేసరికి ఇసుకమేటల మధ్య పాయలైపోతుంది. ఆటు వేళ, నీరు తీసి బురద బయటపడ్డప్పుడు రావాలి. ఆ వేళ రోజుకు ముప్పావుగంట పైగా ఆలస్యమవుతుంటుంది, ముందే చూసుకోండి. కారును ఏటి గట్టున ఆపి ఇంజను కట్టేసి అద్దం దించుకుని కూర్చోండి. ఆగిన కారును పిట్ట లెక్కచేయదు, తలుపు తెరుచుకుంటేనే లేచిపోతుంది.

కాసేపటికి బురద కదలడం మొదలవుతుంది. ఉత్త బురద అనుకున్నదాంట్లోంచి శాండ్ ప్లోవర్లు బయటపడతాయి. నాలుగడుగులు పరుగు, ఠక్కున ఆగడం, తల వాల్చి చూడడం, ఒక్క పోటు. వాటి కళ్లు పెద్దవి, చూసి పట్టుకుంటాయి. పక్కనే ఉల్లంకులు ముక్కు దించి బురదను గుచ్చుకుంటూ పోతాయి, వాటికి స్పర్శే ఆధారం. ఒకే బురదలో రెండు రకాల వేట, తగువు లేదు. నీటిమీద నలుపు తెలుపుల లకుముకి పిట్ట గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, రాయిలా పడుతుంది. సగంసార్లు ఖాళీ ముక్కుతోనే లేస్తుంది. ఈలోగా ఎవరిదో కుక్క మేట మీదికి పరిగెత్తుతుంది, గుంపంతా లేస్తుంది, యజమాని చప్పట్లు కొడతాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి కూడబెట్టుకున్న కొవ్వు అలా లేచినప్పుడల్లా కరుగుతుందని ఆయనకెవరు చెప్పాలి?

సంఖ్యలో చూస్తే కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల ముందు భీమిలి ఆనదు, ఒప్పుకోవాల్సిందే. కానీ కోరింగకు రోజంతా కావాలి. ఇది నగరంలోనే ఉంది.

మూడింటికల్లా వెనక్కి తిరగండి. ఇప్పుడు సముద్రం మీద వెలుగు బాగుంటుంది. జోడుగుళ్లపాలెం రాళ్ల మీద తోక ఆడిస్తూ తిరిగే చిన్న ఉల్లంకిని చూడండి. కైలాసగిరి కింద ఆగి, కొండ అంచున రెక్కలు వి ఆకారంలో పైకెత్తి తేలే పెద్ద పక్షి కోసం వెతకండి. కిందనుంచి ఒళ్లంతా తెలుపు, రెక్కల అంచులు నలుపు అయితే అది తెల్లపొట్ట సముద్రపు గద్దే. రోజూ కనబడదు. డిసెంబరులో అయిదున్నరకే పొద్దు గూకుతుంది, ఆదివారమైతే అంతకుముందే ఆర్కే బీచ్ కార్లతో కిక్కిరిసిపోతుంది. అక్కడ దుర్భిణి సంచిలో పెట్టేసి, ముందున్న ఆటోని చూసుకుంటూ నడపండి.