గుడ్డు బండికి పరిష్కరణ

భాషాప్రవీణ చదివి, ముప్ఫయి మూడేళ్ళు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సంధులూ సమాసాలూ చెప్పి పదవీ విరమణ చేసినవాడికి గరుకు కాగితాలతోనూ రంగు డబ్బాలతోనూ ఏమి పని అని మిత్రులు అడగవచ్చు. 2024 వేసవిలో కెనడాలోని విన్నిపెగ్ నగరంలో, మా అబ్బాయి ఇంటి పెరట్లో ముక్కుకు ముసుగు కట్టుకుని నిలబడి, ఆ ప్రశ్న నాకు నేనే చాలాసార్లు వేసుకున్నాను.

మే నెలలో నేను అక్కడ దిగేటప్పటికి పెరట్లో ఒక వింత వస్తువు ఉన్నది. పదమూడడుగుల పొడవు, రెండు చక్రాలు, ఎక్కడా కోణమన్నది లేకుండా గుండ్రంగా తిరిగిన మూలలు. కారు వెనుక తగిలించుకుని పోయే చిన్న ఇల్లు. లోపల బల్ల, పడక, పొయ్యి, అలమరలు అన్నీ ఉన్నాయి. మా మనుమరాలు దానిని "గుడ్డు" అంటుంది. ఆ పిల్ల పెట్టిన ముద్దుపేరనుకున్నాను గాని, అక్కడ అందరూ ఈ జాతి బండ్లను గుడ్లనే పిలుస్తారట.

"ఎంత పెట్టి కొన్నావురా?"

"4,000 డాలర్లు నాన్నా."

విదేశాలలో పిల్లల దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రులందరికీ ఒక జబ్బు ఉంటుంది. నాకూ ఉన్నది. వెంటనే మనసులో హెచ్చవేసుకున్నాను. దాదాపు 2 లక్షల 40 వేల రూపాయలు. నేల పుచ్చిపోయి, కిటికీలు కారుతూ, ఒళ్ళంతా పొలుసులు లేచిన దానికి! పైకి ఏమీ అనలేదు. మా ఇద్దరి మధ్య అప్పటికి పన్నెండేళ్ళుగా పైకి ఏమీ అనకపోవడమే అలవాటు. దాని సంగతి తరువాత చెబుతాను.

ముందు బండి కథ చెప్పాలి. దీని పేరు బోలర్. పుట్టినది ఆ విన్నిపెగ్ నగరంలోనే, 1968లో. రే ఒలెకో అనే ఆయన అంతకుముందు మరుగుదొడ్ల సెప్టిక్ ట్యాంకులను బరువైన ఇనుముకు బదులు ఫైబర్‌గ్లాసుతో చేయాలని పూనుకున్నాడు. ఆ ఆలోచనే కొంచెం మారి, తేలికపాటి ట్రెయిలరుగా రూపుకట్టింది. సాండర్ డూసా అనే సహచరుడు అచ్చులు తయారుచేశాడు. బౌలర్ టోపీలాగా ఉన్నదని ఆ పేరు పెట్టారు. ఖాళీ బండి బరువు సుమారు 450 కిలోలు కనుక చిన్న కారైనా లాగగలిగేది. 1988 వరకు ఈ పేరుతో బండ్లు తయారయ్యాయి. 2018లో అర్ధశతాబ్ది పండుగకని వందలాది బోలర్లు మళ్ళీ విన్నిపెగ్ చేరాయట. సెప్టిక్ ట్యాంకు ఆలోచనలోంచి విహారయాత్ర పుట్టడమనే సంగతి నాకు బాగా నచ్చింది. పంకజమనే మాటకు మరొక ఉదాహరణ దొరికింది గదా!

దీని నిర్మాణం సులువు. పై చిప్ప ఒకటి, కింది చిప్ప ఒకటి. రెండింటినీ నడుము దగ్గర అతికి, అతుకు మీద పట్టీ వేస్తారు. చెక్క చట్రం లేదు కనుక గోడలు కుళ్ళవు. మా అబ్బాయి కొన్నది 1974 నాటిది. యాభై ఏళ్ళు నిలిచిందంటే అదే కారణం. అయితే లోపలి అలమరలన్నిటినీ గోడకు రివెట్లతో బిగించారు. ప్రతి రివెట్టూ గోడకు పెట్టిన ఒక రంధ్రమే. నీరు కిటికీల అంచులనుంచి, ఈ రివెట్లనుంచి చొరబడి, చెక్కతో చేసిన నేలను పుచ్చబెడుతుంది.

ఫైబర్‌గ్లాసుకు పైన జెల్‌కోటు అనే నునుపైన పొర ఉంటుంది. రంగు దానిలోనే కలిసి ఉంటుంది. ఎండకు అది సున్నంలా వెలిసిపోతుంది. మెరుగుపెడితే చాలావరకు తిరిగి వస్తుంది. కాని మా బండి పాత యజమానులు ఆ కష్టం పడలేదు. గోడలకు వేసే రంగు తెచ్చి కుంచెతో పూశారు. ఒకరి తెలుపు కింద ఇంకొకరి గోధుమరంగు. కిటికీల చుట్టూ కారినచోటల్లా సిలికాన్ మెత్తారు. సిలికాన్ అంటినచోట కొత్త రంగు పట్టదట, అది మరో తంటా.

"దీనిని రిస్టోర్ చేస్తున్నాను నాన్నా" అన్నాడు మావాడు. "తెలుగులో ఏమంటారు?"

అలవాటు కొద్దీ నోరు తెరిచాను. గుడికైతే జీర్ణోద్ధరణ అంటాము. గ్రంథానికైతే పరిష్కరణ. ఈ బండికి రెండవదే సరిపోతుందన్నాను. తాళపత్ర ప్రతిని ముందు పెట్టుకున్న పరిష్కర్త చేసే పని ఏమిటి? కవి రాసినది ఏది, తరువాతివారు చేర్చినది ఏది అని తేల్చుకోవాలి. ప్రక్షిప్తాన్ని తొలగించాలి. పురుగు తిన్నచోట గ్రంథపాతమని ఒప్పుకోవాలి. తాను పూరించినదుంటే పూరించినట్టు తెలియజేయాలి. మావాడు వింటూ చిన్నగా నవ్వాడు. "అయితే మీరూ రండి" అని ఒక ముసుగు, చేతొడుగులు ఇచ్చాడు. అలా చేరాను పనిలో.

మొదట పాత రంగులో సీసం ఉన్నదేమో పరీక్షించాడు. లేదని తేలింది. తరువాత బండినంతా కడిగి, మైనమూ జిడ్డూ పోయేలా ద్రావకంతో తుడిచాము. జిడ్డు పోకుండా గరుకు కాగితం పెడితే, ఆ జిడ్డును మనమే లోపలికి రుద్దినట్టవుతుంది. ఫైబర్‌గ్లాసును తినివేయని రంగు తొలగించే మందు వేరే ఉంటుంది. దానిని పూసి, ప్లాస్టిక్ గీకుడుపలకతో నెమ్మదిగా లేపాలి. మిగిలినది గరుకు కాగితంతో, నీళ్ళు చల్లుతూ. గాజుపొడి ఒంటికి తగిలితే దురదగొండి ఆకే నయం. చన్నీళ్ళతోనే కడుక్కోవాలి.

నాలుగో రోజున, తలుపు కింద, గోధుమరంగు పొర లేచినచోట లేత నీలం కనిపించింది. కింది చిప్ప నీలం, పై చిప్ప మీగడరంగు. అదీ మూలపాఠం. మావాడు అరచేతితో తుడిచి, "దొరికింది నాన్నా!" అన్నాడు. పదో తరగతి ఫలితాలు చూసి వచ్చిననాటి గొంతు అది. చాలా ఏళ్ళకు విన్నాను.

గొడవ ఆ మరునాడు వచ్చింది. గోడనంతా ఒక నాణెంతో తట్టుకుంటూ పోవాలన్నాడు. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, లోపల పొరలు విడిపోయినచోట బొదబొదమంటుంది. ఎడమవైపు, చక్రానికి పైన, అరచేయంత మేర బొదబొదమన్నది. పైకి చిన్న గీత తప్ప ఏమీ లేదు. నాకు అప్పటికే నడుము లాగుతున్నది.

"దీని మీద కాస్త లప్పం పెట్టి రుద్దితే సరిపోదురా? రంగు పడ్డాక ఎవరికి తెలుస్తుంది?"

"తెలియదు నాన్నా. కాని లోపల అలాగే ఉంటుంది. రెండేళ్ళకు ఇంకా పెద్దదై బయటపడుతుంది. కోసి, గట్టిభాగం వచ్చేదాకా పోవాలి."

"కనబడనిదానికి ఇంత శ్రమ ఎందుకు?"

వాడు నాణెం జేబులో వేసుకున్నాడు. నా వైపు చూడకుండా, "అమ్మ విషయంలోనూ మీరు ఇలాగే చేశారు" అన్నాడు.

మిత్రులారా, ఇక్కడ ఆ సంగతి చెప్పక తప్పదు. వాడు పై చదువుకు 2009లో కెనడా వెళ్ళాడు. ఆ మరుసటి ఏడు వాళ్ళమ్మకు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. రేపల్లె దగ్గర మా ఊరినుంచి తిరగలేక గుంటూరులో ఇల్లు అద్దెకు తీసుకున్నాము. "వాడికి చెప్పకండి, చదువు పాడవుతుంది" అన్నది. తరువాత "ఉద్యోగం వచ్చిన కొత్త, చెప్పకండి" అన్నది. రక్తం తక్కువైంది, మందులు వాడుతున్నదని మాత్రం చెప్పేవాణ్ణి. 2011లో మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు అమ్మాను. అదీ చెప్పలేదు. 2012 జనవరిలో, ఇక లాభం లేదన్నాక, రమ్మన్నాను. వాడు వచ్చేసరికి ఆవిడకు స్పృహ లేదు. రెండు రోజుల తరువాత పోయింది. కర్మకాండ ముగిశాక, "ఒకసారి ఊరికి వెళదాం నాన్నా, మన ఇంట్లో రెండు రోజులుందాం" అన్నాడు. అప్పుడు చెప్పాను.

వాడు ఆనాడు ఒక్కమాట అనలేదు. ఆ తరువాతా అనలేదు. డబ్బు పంపాడు, ఆదివారం ఆదివారం ఫోను చేశాడు, "బాగున్నారా, మందులు వేసుకున్నారా" అని అడిగాడు. బాగానే ఉన్నానన్నాను. మా కోడలు ఎంతో మర్యాదగలది, ఆ అమ్మాయి పూనికవల్లనే నేను ఈసారి ప్రయాణమయ్యాను. లప్పం పెట్టి నునుపు చేసిన గోడలాంటి పన్నెండేళ్ళు.

"మీ అమ్మ వద్దన్నదిరా" అన్నాను. ఎన్నో ఏళ్ళుగా సిద్ధంగా ఉంచుకున్న సమాధానం అది.

"అమ్మ అలాగే అంటుంది. మీరు చెప్పవలసింది. నేను కొడుకునా, చుట్టాన్నా?"

ఆవిడ వద్దన్నది నిజమే. కాని ఆవిడ వద్దన్నమాట నాకు అనుకూలంగా ఉన్నదన్నదీ నిజమే. కొడుకు ముందు చేయి చాచవలసివస్తుందని, ఇల్లు నిలుపుకోలేకపోయాడనుకుంటాడని నాకు జంకు. దానికి త్యాగమని పేరు పెట్టుకున్నాను. పాఠాన్ని దాచి వ్యాఖ్యానం మాత్రం చూపించాను. ఇదంతా ఆ పెరట్లో ఇంత వివరంగా చెప్పలేదు. "తప్పేరా" అన్నాను. అంతే.

వాడు కాసేపు ఊరుకుని, "ఆ యంత్రం ఇటివ్వండి" అన్నాడు.

ఆ మెత్తనిచోటును కోశాము. గోడ మందం మూడు మిల్లీమీటర్లు ఉంటే, చుట్టూ దానికి పన్నెండు రెట్లు, అంటే అంగుళమున్నర మేర ఏటవాలుగా అరగదీయాలి. అప్పుడుగాని కొత్త గాజునార పాతదానిని పట్టుకోదు. నార ముక్కలను ఒకదానికంటే ఒకటి చిన్నవిగా కత్తిరించి, పాలియెస్టర్ రెజిన్‌తో తడిపి, మధ్య గాలిబుడగలు లేకుండా ఒత్తాలి. రెజిన్ గట్టిపడడానికి కలిపే మందు నూటికి ఒకటి రెండు పాళ్ళే. నేను ధారాళంగా పోశాను. గిన్నె వేడెక్కి పొగలు వచ్చి, నిమిషాల్లో రాయి అయింది. "పండితులవారు మాత్రలు లెక్కపెట్టలేదు" అన్నాడు మావాడు. ఇద్దరమూ నవ్వాము.

రంగు వేయడం జూలైకి వాయిదా పడింది. జూన్‌లో అక్కడి కాటన్‌వుడ్ చెట్లనుంచి బూరుగు దూదిలాంటిది ఊరంతా ఎగురుతుంది. తడి రంగుమీద పడితే బండికి మీసాలు మొలుస్తాయి. పిచికారీతో కొట్టే రెండు భాగాల రంగు మెరుపు ఎక్కువే గాని, దాని ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం. అందుచేత పడవలకు వాడే ఒకే భాగపు పాలియురేథేన్ రంగు తెచ్చాడు. దానిని ఇద్దరు కలిసి వేయాలి. ఒకరు రోలరుతో పలుచగా పరుస్తూ పోతే, వెనుకనే మరొకరు మెత్తని కుంచె కొసతో, తాకీ తాకనట్టు గీస్తూ బుడగలు పోగొట్టాలి. అంచు ఆరకముందే తరువాతి భాగం కలవాలి. మధ్యలో ఆగితే అతుకు కనబడుతుంది. నేరుగా ఎండ తగలరాదు, సాయంత్రపు మంచుకు చిక్కరాదు. వాడు రోలరు, నేను కుంచె. ప్రైమరుపైన మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య సన్నని గరుకు కాగితం. ఆ రోజుల్లో మేము పెద్దగా మాట్లాడుకున్నదీ లేదు. "కొంచెం ఆగు", "కానివ్వండి" అన్నవే. కాని అడుగు కలిసింది.

పాత నీలానికి సరిపోయే నీలమే కలిపించాము. సింకు కింది అలమరలో, ఎవరూ చూడనిచోట, ఒక జానెడు మేర అసలు జెల్‌కోటును రంగు వేయకుండా వదలమని నేను అడిగాను. మూలప్రతి ఆధారం ఉండాలి గదా.

ఆగస్టులో మొదటి ప్రయాణం. నగరానికి ఉత్తరాన దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో, విన్నిపెగ్ సరస్సు ఒడ్డున గిమ్లీ అనే ఊరు. 1875లో ఐస్‌లాండ్‌నుంచి వలస వచ్చినవారు నిలిపిన ఊరు అది. కోడలు, మనుమరాలు పడక మీద, మేమిద్దరమూ బల్లను దించి చేసిన పక్క మీద.

అర్ధరాత్రి వాన పట్టింది. గుండ్రటి పైకప్పు మీద చినుకుల చప్పుడు దగ్గరగా వినిపిస్తున్నది. నాకు నిద్ర లేదు, పక్కన వాడికీ లేదని ఊపిరిని బట్టి తెలుస్తున్నది. మా పెంకుటింట్లో తొలకరినాడు ఇలాగే మేలుకుని ఉండేవాళ్ళం, ఎక్కడ కారుతుందోనని. ప్రతి వేసవిలో పెంకులు సర్దించేవాణ్ణి. ఎనిమిదేళ్ళ వాడు కింద నిలబడి పెంకులు అందించేవాడు. అయినా ఎక్కడో ఒకచోట కారేది. వాళ్ళమ్మ లేచి గిన్నె పెట్టేది.

టప్పుమన్నది. కాసేపటికి మళ్ళీ టప్పు. పై అలమర దగ్గర, ఒక రివెట్టు.

మావాడు లేచి, చీకట్లో తడుముకుని, ఒక స్టీలు గిన్నె తెచ్చి దాని కింద పెట్టాడు.

"ఒకటే నాన్నా. పొద్దున చూద్దాం."

"రెండోది కూడా ఉన్నట్టున్నదిరా, ఆ కిటికీ మూల" అన్నాను.

వాడు ఇంకొక గిన్నె వెతకడానికి వెళ్ళాడు.