ఒసాకాలో రాత్రిపూట మంచి అంగడి కనుక్కోవడం ఎట్లా?



నేను మా వాడి దగ్గర ఒసాకాలో ఐదు వారాలు ఉండి వచ్చానని తెలిసినప్పటి నుంచి సమావేశాల్లో అందరూ కోట గురించి, గుళ్ళ గురించి, బుల్లెట్ రైలు గురించి అడుగుతున్నారు. సమావేశం ముగిసి చెప్పులు వేసుకునేటప్పుడు మాత్రం ఒక్కొక్కరే పక్కకు వచ్చి, గొంతు తగ్గించి, "రాత్రిపూట బార్లు ఎట్లుంటాయన్నా?" అంటున్నారు. ఇప్పటికి నలుగురయ్యారు. నలుగురికీ గుసగుసగా చెప్పేదానికంటే అందరికీ ఒకేసారి రాసేస్తే మేలు. ఆడవాళ్ళూ చదవవచ్చు, దాచేది ఏమీ లేదు. నా కోటా ఏమిటంటే, సగం గ్లాసు బీరు, ఆ తర్వాత ఊలాంగ్ టీ. ఏ అంగడిలోనూ దానికి ఎవరూ మొహం చిట్లించలేదు.

మన పక్క బ్రాందీ అంగడి ఎట్లుంటుందో మీకు తెలుసు. రోడ్డుకు వీపు చూపించి నిలబడతారు, ప్లాస్టిక్ కప్పులో గడగడా పోసుకుంటారు, తెలిసినవాడు కనబడితే తల తిప్పేస్తారు. తాగేదానికి పోతారు, ఉండేదానికి కాదు. జపానులో కూడా తాగి తూలేవాళ్ళు ఉండారు, సూటు బూటుతో ప్లాట్‌ఫారం బెంచీ మీద పడి నిద్రపోయేవాళ్ళను నా కళ్ళతో చూశాను. కానీ వాళ్ళ చిన్న అంగడి వేరే జాతి. దాన్ని ఇజకాయ అంటారు. నిలబడి తాగేది అయితే తాచినోమి. తాగడం, తినడం, మాట్లాడటం మూడూ ఒకే చోట. అరవై దాటిన ఒంటరి మగవాడు ఆఫీసు లేకపోయినా పోయి కూర్చోగలిగిన చోటు. రిటైరైన వాళ్ళకు నేను చెప్పేది అర్థమవుతుంది.

మొదట అందరూ పోయేది దోతోన్‌బోరి. కాలవ, రెండు పక్కలా దీపాలు, చేతులు పైకెత్తి పరిగెత్తే మనిషి బొమ్మ. ఆ గ్లికో బోర్డు మొదట 1935లో పెట్టారు, ఇప్పుడుండేది 2014లో వచ్చిన ఆరో బోర్డు. చూడండి, ఫొటో తీసుకోండి, అక్కడి నుంచి బయటపడండి. గుంపు ఎక్కువ, వరుసలు ఎక్కువ. పైగా రోడ్డు మీద నిలబడి "రండి సార్, మంచి బారు, తక్కువ ధర" అని పిలిచేవాళ్ళు ఉంటారు. ఇది మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి: రోడ్డు మీద పిలిచినవాడి వెంట పోవద్దు. ఆ పిలుపులకు అక్కడ చట్టమే ఒప్పదు. మేడ మీదకు తీసుకుపోయి, పదింతలు బిల్లు వేసి, తలుపు దగ్గర లావుపాటి మనిషిని నిలబెట్టే అంగళ్ళు ఉండాయి. స్టేషను బయట టికెట్టు బ్రోకర్ల మాటలు ముప్పై ఏళ్ళు విన్నవాణ్ణి, ఆ గొంతు ఏ భాషలో పలికినా గుర్తుపడతాను. మంచి అంగడికి పిలిచే మనిషి అక్కర్లేదు, దానికి రోజూ వచ్చేవాళ్ళు ఉంటారు.

దోతోన్‌బోరికి ఒక్క సందు వెనక్కి పోతే హోజెన్‌జీ యొకోచో. రాళ్ళు పరిచిన ఇరుకు వీధి, కాగితపు లాంతర్లు, చిన్న చిన్న అంగళ్ళు. మధ్యలో ఫుదో స్వామి. మన సంస్కృతంలో అచలుడు. జనం నీళ్ళు పోసి పోసి ఆయన ఒళ్ళంతా పచ్చటి పాచి. పక్కనే తాగే అంగళ్ళు. ఇదేమి అపచారమని ఎవరూ అనుకోరు. పోతూ ఒక చెంబుడు, వస్తూ ఒక చెంబుడు. నేనూ పోశాను.

నాకు నచ్చింది తెన్మా. ఒసాకా స్టేషను నుంచి లూప్ లైనులో ఒక్కటే స్టాపు. స్టేషను నుంచి బయటికి కాలు పెడితే రైలు వంతెన కిందా, పక్క సందుల్లోనూ అంగళ్ళే. పైన రైలు పోయినప్పుడు గ్లాసులో బీరు కొంచెం వణుకుతుంది. నాకైతే క్వార్టర్సులో ఉన్నట్టే ఉండింది. దగ్గరలోనే తెంజిన్‌బాషి బజారు వీధి, పైకప్పు వేసి రెండున్నర కిలోమీటర్లకు పైన పొడుగు.

ఇన్ని అంగళ్ళలో ఏది మంచిది? మా వాడు ఫోనులో చుక్కలు లెక్కబెట్టి చూస్తాడు. నా పద్ధతి వేరే. అంగడి ముందర ఒక్క నిమిషం నిలబడి చూడాలి. లోపలి వెలుతురు వీధిలోకి పడుతుందా? కౌంటరు దగ్గర నా వయసు మనిషి ఒకడు ఒంటరిగా ఉన్నాడా? ధరలు గోడ మీద కాగితాల మీద రాసి అంటించి ఉండాయా? నవ్వు వినబడుతుందా? ఉంటే నోరెన్ గుడ్డ పక్కకు తొలగించి, వేలితో ఎంతమందో చూపించండి. రమ్మంటే రమ్మంటారు, లేదంటే చేతులు అడ్డంగా పెట్టి చూపిస్తారు. అది అవమానం కాదు, చోటు లేదని. మూసిన తలుపు, కిటికీ లేదు, సభ్యులకు మాత్రమే అని బోర్డు ఉంటే అటు పోవద్దు. అవి తెలిసినవాళ్ళు తీసుకుపోతేనే పోవలసిన చోట్లు. ఇంకొకటి, సంఘం టూరు మాదిరి పదిమంది కలిసి పోతే చిన్న అంగడి ఏదీ దొరకదు. ఎనిమిది స్టూళ్ళు ఉండే చోట ఇద్దరు పోవాలి, ముగ్గురైతే ఎక్కువ.

కూర్చోగానే అడగకుండా ఒక చిన్న గిన్నె పెడతారు. దాన్ని ఒసాకాలో త్సుకిదాషి అంటారు. ఫ్రీ అనుకోవద్దు, మూడు నాలుగు వందల యెన్‌లు బిల్లులో పడుతుంది. వంద యెన్ అంటే మన డబ్బులో అరవై రూపాయలకు కొంచెం లోపు. అది సీటు చార్జీ అనుకోండి. మన రిజర్వేషను చార్జీ కంటే మేలు, తినేదానికి ఏదో ఒకటి ఇస్తారు. టిప్పు మాత్రం లేదు. పెట్టినా వెనక్కి ఇస్తారు. చిన్న చోట్ల కార్డు పనిచేయకపోవచ్చు, జేబులో నోట్లు ఉండాలి.

షిన్‌సెకాయి అని ఇంకో పేట ఉండాది. 1912లో కట్టిన పేట. మధ్యలో త్సూతెన్‌కాకు టవరు. మొదటి టవరు పోయింది, ఇప్పటిది 1956లో కట్టింది. అక్కడ కుషికత్సు ప్రసిద్ధి. పుల్లకు గుచ్చి, పొడి అద్ది, నూనెలో వేయించి, సాసులో ముంచి తినాలి. సాసు పాత్ర అందరికీ ఒకటే కాబట్టి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: రెండోసారి ముంచకూడదు. మా వాడు చదివి చెప్పగానే నాకు మా అవ్వ గుర్తొచ్చింది. ఎంగిలి! మా అవ్వ బతికి ఉండి ఆ బోర్డు చూసి ఉంటే, ఈ ఊరివాళ్ళు మనవాళ్ళేరా అనుండేది. సాసు చాలకపోతే పక్కన పెట్టే క్యాబేజీ ఆకుతో తోడి పోసుకోవాలి. కరోనా తర్వాత చాలా చోట్ల పాత్ర తీసేసి సీసాలు పెట్టారు.

శాకాహారులు జాగ్రత్త. పుల్లకు తామర దుంప, వంకాయ, ఉల్లిపాయ గుచ్చి ఇస్తారు గానీ, అదే నూనెలో మాంసమూ వేగుతుంది, నూనె కూడా పశువు కొవ్వు కావచ్చు. చారులోనూ, పచ్చి తోఫూ మీదా ఎండు చేప. ఉడకబెట్టిన ఎదమామే కాయలు నమ్మవచ్చు. నేను వాటితోనే నాలుగు వారాలు గడిపాను.

ఇప్పుడు తెన్మాలో ఒక రాత్రి సంగతి రాయాలి. రాయాలా వద్దా అని ఆలోచించి, మా వాడిని అడిగాను. రాయి నాయనా అన్నాడు.

2021 మే నెలలో మా ఇంటామె పోయింది. మీలో చాలామంది వాకిలి దాకా కూడా రాలేని రోజులు. వీడు అక్కడ చిక్కుకుపోయాడు. శ్మశానంలో మా తమ్ముడి కొడుకు ఫోను పట్టుకొని చూపించాడు. మధ్యలో లైను తెగింది. ఆ తర్వాత ఇన్నేళ్ళుగా మా ఇద్దరి ఫోను మాటలు ఏమంటే, తిన్నావా, తిన్నాను, మాత్ర వేసుకున్నావా, వేసుకున్నాను. అంతే. ఒసాకా ఇంట్లో కూడా ఎదురెదురుగా కూర్చుంటే టీవీ పెట్టుకుంటాము.

ఆ రాత్రి కౌంటరు దగ్గర భుజం భుజం తగిలేటట్టు నిలబడి ఉన్నాము. ఇద్దరమూ ఎదురుగా డెబ్బై ఏళ్ళ ముసలామె గుడ్డు అట్టు పొరలు పొరలుగా చుట్టడం చూస్తున్నాము. మొహాలు చూసుకోనక్కర లేదు. ఆమె చేతులు చూస్తూనే వాడు అన్నాడు, "నాయనా, ఆ పొద్దు సిగ్నలు పోలేదు. నేనే ఆపేశా. చూడలేకపోయినా."

నాకు మాట రాలేదు. పైన ఒక రైలు పోయింది. అది పోయినాక, "మీ అమ్మ కూడా చూడమని అనుండదులేరా" అన్నాను. వాడు గ్లాసు కింద పెట్టి మొహం తుడుచుకున్నాడు. ముసలామెకు మా మాట ఒక్కటీ తెలియదు. గ్లాసులు ఖాళీ అయినాయని మాత్రం చూసి, ఇంకోటా అని వేలు చూపించింది. వ్యాపారం వ్యాపారమే. ఆ రాత్రి నా కోటా దాటింది.

ఆ తర్వాత మేము వారానికి రెండుసార్లు పోయాము. రెండోసారికే ఆమె గుర్తుపట్టింది, మూడోసారికి ఊలాంగ్ టీ అడగకముందే వచ్చింది. కొన్ని అంగళ్ళలో రోజూ వచ్చేవాళ్ళు సీసా కొని, మెడకు పేరు చీటీ కట్టి, అక్కడే పెట్టి పోతారు. పార్సిలు ఆఫీసులో లేబుళ్ళు కట్టిన చేతులు కదా, ఆ వరుస చూస్తే ముచ్చటేసింది.

ఇంకో ముచ్చట, భాషది. జపాను మొత్తం థాంక్సుకు అరిగాతో అంటారు. ఒసాకా అంగళ్ళలో పాతవాళ్ళు ఓకినీ అంటారు. టోక్యో మాటకూ వీళ్ళ మాటకూ యాస వేరే, పదాలు వేరే. ఆ యాసను వీళ్ళు దాచుకోరు, టీవీలో హాస్యం చెప్పేవాళ్ళు కూడా ఆ యాసలోనే చెబుతారు. మనం విజయవాడ పెళ్ళికి పోతే "మీ తెలుగులో అరవం వినిపిస్తుందండీ" అని నవ్వుతారే, తమిళ మీడియంలో చదివి ఆ నవ్వు చాలా తిన్నాను. అందుకే పట్టుబట్టి ప్రతి అంగట్లోనూ ఓకినీ అన్నాను. అన్నప్పుడల్లా నవ్వారు. ఎగతాళి నవ్వు కాదు, మన పల్లెకు వచ్చిన కలెక్టరు "అందురూ బాగుండారా?" అంటే మనకు వచ్చే నవ్వు.

కూతురు చదువుకు పోతోంది, రాత్రి బయట తిరగవచ్చునా అని ఒక అక్కయ్య అడిగారు. ఇరవై నిండకపోతే అక్కడ మద్యం పోయరు. ఒంటరిగా కౌంటరు దగ్గర కూర్చొని తింటున్న ఆడపిల్లలను నేను చాలామందిని చూశాను. పిలిచేవాళ్ళ వెంట పోకపోవడం, గ్లాసు వదిలి లేవకపోవడం, ఈ రెండూ ఎక్కడైనా ఉండే జాగ్రత్తలే. తాగి బండి నడిపితే నడిపినవాడికే కాదు, పోసినవాడికీ, పక్కన కూర్చున్నవాడికీ శిక్ష ఉండాది. సైకిలు కూడా తొక్కకూడదు, 2024 నవంబరు నుంచి దానికీ జైలు దాకా పెట్టారు.

కాబట్టి రైలే గతి. లూప్ లైనులో 19 స్టేషన్లు, ఒక చుట్టుకు 40 నిమిషాలు. అర్ధరాత్రి దగ్గర ఆఖరి బండ్లు, అవి అన్నీ పూర్తి చుట్టు తిరగవు, బోర్డు చూసి ఎక్కాలి. తప్పిపోతే మళ్ళీ తెల్లవారి ఐదు దగ్గరే. టాక్సీకి రాత్రి పది నుంచి ఇరవై శాతం అదనం. కుర్రవాళ్ళు కరోకే గదుల్లో ఐదు దాకా పాడుతూ గడిపేస్తారు. మనకు ఆ వయసు కాదు. పదకొండుకే చేయి ఎత్తి "ఓకాన్జో" అనండి, బిల్లు తెచ్చి ఇస్తారు.