వాళ్లకి కూలి ఎంత ఇచ్చేవాళ్లు అమ్మీ?



మా ఇంట్లో మద్రసా, స్కూలు, భోజనం మూడూ ఒకే బల్ల మీద నడుస్తాయి. ఫజర్ తర్వాత ఖురాన్ సబక్, నాస్తా అయ్యాక లెక్కలు, ఇంగ్లీషు. జొహర్ నమాజ్ అయ్యాక తారీఖ్. పెద్దదానికి ఎనిమిదేళ్లు, చిన్నోడికి ఆరు. మేముండేది నార్త్ కరోలినాలో. ఇక్కడ పిల్లల్ని ఇంట్లో చదివించుకోవడం పెద్ద ముష్కిల్ కాదు. రాష్ట్రానికి ఒక నోటీసు పంపాలి, హాజరు రాసుకోవాలి, ఏడాదికోసారి పరీక్ష పెట్టించాలి.

మస్జిద్‌లో ఒక ఆపా అడిగింది. “అమెరికా తారీఖ్‌కి అంత మెహనత్ ఎందుకమ్మా? సీరత్ చెప్పు, అంబియాల కిస్సాలు చెప్పు, చాలదా?” అవీ చెప్తాను ఆపా. కానీ నా పిల్లలు పుట్టింది ఈ మట్టిలో. వాళ్ల వతన్ ఇదే. దీని కథ నేను చెప్పకపోతే ఇంకెవరో సగం చెప్పి వదిలేస్తారని నా ఫికర్.

చిన్నపిల్లలకి తారీఖ్ చేతుల్లోంచి ఎక్కుతుంది. మొదటి వారం వెన్న తీశాం. గాజు సీసాలో సగం దాకా చిక్కటి క్రీమ్ పోసి, మూత బిగించి, వంతులేసుకుని ఊపడమే. పావుగంటకి పిల్లల చేతులు లాగాయి, వెన్న ముద్ద కట్టింది. ఉప్పు కలిపి మొక్కజొన్న రొట్టె మీద రాసుకున్నారు. వీడియో కాల్‌లో వాళ్ల నానీ ఒకటే నవ్వు. “మీ అమెరికాలో కవ్వం దొరకదా?” అని.

తర్వాత హార్న్‌బుక్ చేశాం. ఆ కాలం పిల్లల పలక అది. పిడి ఉన్న చిన్న చెక్క, దాని మీద అక్షరాల కాగితం, కాగితం నలగకుండా పైన పల్చటి కొమ్ము పొర. మేం అట్టముక్క, ప్లాస్టిక్ కాగితంతో కానిచ్చాం. పెద్దది ఒకవైపు ఏ బీ సీ రాసి, రెండోవైపు అలిఫ్ బే రాసుకుంది. దాదా చిన్నప్పటి తఖ్తీ కథ విన్న పిల్ల కదా! సియాహీ కోసం నల్ల వాల్‌నట్ పైతొక్కల్ని గంటసేపు ఉడికించి, వడగట్టి, కాస్త వెనిగర్ కలిపాం. ఈక ఖలం మాత్రం నేనే చెక్కాను. చేతికి గ్లౌజులు వేసుకోండి, నా వేళ్ల మరక రెండు వారాలు పోలేదు.

కుండీలో మొక్కజొన్న, బీన్స్, గుమ్మడి కలిపి వేశాం. మొక్కజొన్న కర్ర బీన్స్ తీగకి ఊతం, బీన్స్ నేలకి బలం, గుమ్మడాకులు తేమ కాపాడతాయి. ఇక్కడి అసలు వాసుల పద్ధతి ఇది. 1620లో ప్లిమత్ చేరిన ఇంగ్లీషువాళ్లలో దాదాపు సగం మంది మొదటి చలికాలమే దాటలేదు. మిగిలినవాళ్లకి మొక్కజొన్న వేయడం నేర్పింది టిస్క్వాంటమ్. 1614లో ఒక ఇంగ్లీషు కెప్టెన్ అతన్నే ఎత్తుకెళ్లి స్పెయిన్‌కి అమ్మకానికి పట్టుకుపోయాడు. ఎలాగో తిరిగొచ్చేసరికి రోగంతో అతని ఊరు ఊరంతా పోయింది. “ఎత్తుకెళ్లిన వాళ్ల మనుషులకే నేర్పాడా?” అంది పెద్దది. నేను సబర్ గురించి ఏదో చెప్పి ఆ పూట గట్టెక్కాను.

పత్తి దగ్గర గట్టెక్కలేకపోయాను.

నేను దూదేకులవాళ్ల పిల్లని. మా తాత విల్లుతో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. అమ్మ గుంటూరు జిల్లా చేలల్లో కూలికి పత్తి తీసింది. కాబట్టి ఈ పాఠం నాకు ఆసాన్ అనుకున్నాను. అక్టోబరులో ఇక్కడి పొలాలు తెల్లగా పగులుతాయి. ఒక రైతునడిగి పది కాయలు తెచ్చి పిల్లల ముందు పెట్టి, గింజలు తీయమన్నాను. గింజని దూది అంత తేలిగ్గా వదలదు. అరగంటకి ఇద్దరూ కలిసి రెండు కాయలు తీశారు. ఎండిన కాయ మొన గుచ్చుకుని పెద్దదాని వేలికి రక్తం బొట్టు వచ్చింది.

“ఇన్ని పొలాలు అప్పట్లో ఎవరు తీసేవాళ్లు అమ్మీ?”

“పనివాళ్లు.”

“నానీ లాగానా? మరి వాళ్లకి కూలి ఎంత ఇచ్చేవాళ్లు?”

నాకు జవాబు రాలేదు. ‘పనివాళ్లు’ అన్నది నేనే. మేం చదివే కితాబ్‌లో ఆ పేజీలు ఉన్నాయి. పిల్లలు ఖౌఫ్ పడతారని నేనే దాటేశాను. ఎవరో సగం చెప్తారని భయపడి ఇంట్లో చదివిస్తూ, ఆ సగం నేనే మింగాను.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. “కూలి ఎగ్గొట్టిన ఆసామి సంగతి నీకు చిన్నప్పుడే చెప్పాను కదే. నువ్వేం భయపడలేదు, కోపం తెచ్చుకున్నావు. వాళ్లకీ రానీ. జూట్ మాత్రం చెప్పకు” అంది.

మర్నాడు చెప్పాను. మేఫ్లవర్ ఓడ రావడానికి ఏడాది ముందే, 1619లో, ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చిన 20 మందికి పైగా మనుషుల్ని వర్జీనియా తీరంలో దింపారని. 1793లో గింజలు తీసే యంత్రం వచ్చాక పని తగ్గలేదు, పత్తి చేలు పెరిగాయని, చేలతో పాటు గులామీ పెరిగిందని. 1790 లెక్కల్లో దాదాపు 7 లక్షలున్న గులాములు 1860కి దాదాపు 40 లక్షలయ్యారని. కొరడాల వివరాలు చెప్పలేదు, వాటికి వయసు రావాలి. ఎత్తుకొచ్చారు, అమ్మారు, కూలి ఇవ్వలేదు అన్న మూడు మాటలు మాత్రం దాచలేదు.

“హజ్రత్ బిలాల్ లాగానా?” అంది పెద్దది. అవునన్నాను. మన తారీఖ్‌లోనూ గులామీ ఉంది, ఆ సబక్ కూడా ముందుంది. చిన్నోడు “వాళ్ల అమ్మీలు?” అన్నాడు. ఒక్కోసారి అమ్మీని ఒకచోట, పిల్లల్ని ఇంకోచోట అమ్మేవాళ్లని చెప్పాను. వాడొచ్చి నా ఒళ్లో కూర్చున్నాడు.

ఆ శనివారం ఫేయెట్‌విల్ వెళ్లాం. అక్కడ ఉమర్ ఇబ్న్ సయీద్ పేరు మీద మస్జిద్ ఉంది. ఆయన ఇప్పటి సెనెగల్ వైపు పుట్టి, ఏళ్ల తరబడి ఇల్మ్ నేర్చిన మనిషి. 1807లో పట్టుకొచ్చి చార్లెస్టన్‌లో అమ్మేశారు. జాలిమ్ మాలిక్ దగ్గర్నుంచి పారిపోయి ఫేయెట్‌విల్ జైల్లో పడ్డాడు. అక్కడ గోడల మీద బొగ్గుతో అరబీలో రాశాడని చెబుతారు. 1831లో తన జీవితాన్ని అరబీలోనే రాశాడు. ఆ కాగితాలు ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. మొదలుపెట్టింది సూరా ముల్క్‌తో. మా పిల్లలు రోజూ పడుకునే ముందు వినే సూరా అది. మధ్యలో ఆయన చర్చిలో చేరాడు. దిల్‌లో ఏముందో అల్లాకే తెలుసు. చనిపోయేదాకా ఆజాదీ మాత్రం రాలేదు.

ఇంటికొచ్చి పాత అట్టపెట్టె విప్పి గోడకి ఆనించి, చెరో బొగ్గుముక్క ఇచ్చాను. చిన్నోడు తన పేరు రాశాడు. పెద్దది ‘ఉమర్’ అని అరబీలో రాసి, కాసేపాగి, “కలిమా రాని వాళ్లు కూడా పత్తి తీశారు కదా, వాళ్ల పేర్లేంటి?” అంది. చాలామంది పేర్లు ఎవరూ రాసి పెట్టలేదు బేటా అన్నాను. వాళ్ల హక్ కూడా అంతేనని అదే అనుకున్నట్టుంది. ఉమర్ పేరు కింద ఎనిమిది ఖాళీ గీతలు గీసింది, మిగిలిపోయిన కాయలు ఎనిమిది కనుక.

బెహనో, సీసా, అట్టముక్క, రెండు కాయలు చాలు, పెద్ద సామాను అక్కర్లేదు. సవాల్ వచ్చినప్పుడు మాత్రం పేజీ తిప్పేయకండి. ఆ పూటకి జవాబు తెలియకపోతే రేపు చెప్తానని చెప్పి, రేపు నిజంగా చెప్పండి.

మొన్న జుమ్మాలో ఆ ఆపా మళ్లీ కలిసింది. పత్తికాయలు ఎక్కడ దొరుకుతాయని అడిగింది.